ఏరువడ్డ దినం

కుండ మూతికి సిబ్బి ఆనించి, పాతగుడ్డతో రెండు చేతులా అదిమిపట్టి, శంకరవ్వ కుండను మెల్లగా వంచింది. గంజి చిక్కగా, తాడులా, కింద పెట్టిన బానలోకి దిగింది. ఆవిరి ముఖానికి కొట్టినా ఆమె తల తిప్పలేదు. తల తిప్పితే చెయ్యి కదులుతుంది. చెయ్యి కదిలితే మెతుకులు జారతాయి. మెతుకులు పడ్డ గంజి నూలుకు పెడితే పోగులు ఉండలు కడతాయి. అప్పుడు మగ్గం మీద కూర్చున్న బావ అంబదాస్ ఏమీ అనడు గానీ, తెగిన పోగు అతికిన ప్రతిసారీ ఒకసారి దగ్గుతాడు.

ఆ ఇంట్లో అన్నం ఎప్పుడూ ఒక ఉడుకు ఎక్కువే. మెత్తగా ఉడికితేనే గంజి చిక్కగా వస్తుంది, చిక్కటి గంజి పడితేనే పడుగు గట్టిగా నిలుస్తుంది. చుట్టాలు వస్తే, "ఇది బువ్వనా, పండ్లు లేనోళ్ల గుజ్జా?" అని నవ్వేవారు. సిరిసిల్లలో నేతపని ఇళ్లన్నీ అంతే. ముందు నూలు తింటుంది, తర్వాత మనుషులు తింటారు.

బయట వాకిట్లో మేస్త్రీ అంజన్న మట్టి తొక్కుతున్నాడు. చెప్పుల్లేని కాళ్లు మట్టిలోకి దిగి పైకి వస్తున్న చప్పుడు వంటింట్లోకి వినిపిస్తోంది. వాకిలి నడుమ, ఈ చివర నుంచి ఆ చివరకు, ముగ్గుతో ఒక గీత గీసి ఉంది. ఆ గీత మీద ఇవాళ గోడ లేస్తుంది. అన్నదమ్ములు ఏరుపడుతున్నారు. అన్న అంబదాస్ చేతిమగ్గాలతోనే ఉంటానన్నాడు. తమ్ముడు దేవదాస్ వీధిలోకి కరెంటు రాగానే షోలాపూర్ నుంచి రెండు పాత మరమగ్గాలు తెప్పించి, వాటికోసం వీధివైపు షెడ్డు వేస్తున్నాడు.

శంకరవ్వ వారిద్దరి నడిమివాడి భార్య. రజాకార్ల గడబిడ సద్దుమణిగిన ఏడు ఆమె ఈ ఇంటికి కోడలుగా వచ్చింది. కొన్నేళ్లకే భర్త బాలమల్లు విషజ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. తీసుకుపోదామని అన్నలు చొప్పదండి నుంచి బండి కట్టుకొని వస్తే, అంబదాస్ భార్య, తోటికోడలు కనకవ్వ గడపలో అడ్డంగా నిలబడి, "యాడికి తీస్కపోతరు? గీ పిల్ల మా ఇంట్లనే ఉంటది" అన్నది. బండి ఖాళీగా పోయింది. ఆ తర్వాత అన్నలూ రాలేదు, ఆమె కూడా పోలేదు. ఆ ఒక్క మాట మీద ఇన్నాళ్లూ గంజి వార్చింది, కండెలు చుట్టింది, దేవదాస్‌కు ముద్దలు కలిపి పెట్టి పెంచింది, అతని పిల్లలకూ పెట్టింది.

ఇవాళ "మా ఇల్లు" రెండు ఇళ్లవుతోంది. తన ముద్ద ఏ పొయ్యి మీద ఉడుకుతుందో ఇవాళ ఎవరో ఒకరు అనాలి. అడిగి తెలుసుకునే సంగతి కాదు. బావతో ఎదురుపడి మాట్లాడే అలవాటు ఆ ఇంట్లో ఆడవాళ్లకు లేదు. ఇక తోటికోడళ్లను అడిగితే, 'నన్ను ఉంచుకుంటారా' అని అడుక్కున్నట్టే. తామంతట తాము అనాలి.

పొద్దెక్కాక కులపెద్ద రాజం, మరో ఇద్దరు వచ్చి చాప మీద కూర్చున్నారు. శంకరవ్వ తలుపు వెనక, గొళ్లెం పట్టుకొని నిలబడింది.

"పెద్ద అర్ర, వంటిల్లు అంబదాసుకు. ముందటి సాయబాను దేవదాసుకు. ఒప్పేనా?" అన్నాడు రాజం, వీధివైపు వసారాను చేత్తో చూపిస్తూ.

"ఒప్పే కాకా" అన్నాడు అంబదాస్. దేవదాస్ తలూపాడు.

"రెండు మగ్గాలు పెద్దోనియి. మూడోది?"

"మూడోదాని కట్టె నాకు గావాలె కాకా. షెడ్డుకు దూలాలు తక్కువ వడ్డయి" అన్నాడు దేవదాస్.

"తీస్కపో" అన్నాడు అంబదాస్.

మూడో మగ్గం బాలమల్లుది. నేసేటప్పుడు ఆయన కాళ్లు పెట్టుకున్న గుంటలో ఇప్పుడు పిడకలు ఉంటాయి. దాని పక్కనే చాప వేసుకొని శంకరవ్వ పడుకుంటుంది. చట్టం లెక్కన అందులో ఆమెకూ వాటా ఉందన్న సంగతి ఆ వాకిట్లో ఎవరికీ తెలియదు. తెలిస్తే మాత్రం చెప్పేవారా అంటే, అదీ చెప్పలేం.

బిందెలు, రోలు, మేక, మంచాలు వరసగా తెగాయి. రాగి కాగు దగ్గర ఆగింది.

"కాగు నా పెండ్లికి మా అవ్వగారిచ్చింది" అన్నది కనకవ్వ.

"ఇచ్చిందెవలో గానీ, చిల్లులు వడితె మాట్లు ఏపిచ్చింది మా ఆయన" అన్నది దేవదాస్ భార్య బాలవ్వ.

"అయితె మాట్లు పీక్కపొమ్మను. కాగు ఈడ వెట్టి!"

"సూసిండ్రా కాకా, ఎట్లంటుందో! గీమెతోటి ఇగ నాకు మాటల్లేవు."

"నాకున్నయా?"

కాగు పెద్దకోడలికే పోయింది. బాలవ్వ కొంగు విదిలించి లోపలికి వెళ్లింది. వీధి ప్రహరీ మీద నుంచి చూస్తున్నవాడొకడు, "ఇంతకు మీ పిల్లి ఎవలికివోయింది?" అని అరిచాడు. అందరూ నవ్వారు. రాజం కూడా నవ్వి, "పిల్లికి పంచాతెందుకురా, ఏడ పాలుంటె ఆడికి వోతది" అన్నాడు. తర్వాత తువ్వాల దులుపుకుంటూ లేచాడు.

"ఇగ ఏమన్న మిగిలిందా?"

శంకరవ్వ చేతిలో గొళ్లెం చిన్నగా చప్పుడు చేసింది.

"ఏం లేదు కాకా" అన్నారు అన్నదమ్ములిద్దరూ ఒకేసారి.

ఎవరి మనసులోనూ చెడు లేదు. చిక్కంతా అక్కడే ఉంది. ఆడమనిషి సంగతి ఇంట్లోనే తేల్చుకొని ఉంటారని రాజం అనుకున్నాడు. 'తమ్ముణ్ణి చేత్తో పెంచింది, వాని దగ్గరికే పోతది, నడుమ నేను నోరు తెరిస్తే గుంజుకున్నట్టుంటది' అని అంబదాస్ అనుకున్నాడు. 'అన్న ఉన్న పాత పొయ్యి దగ్గరే కదా వదినె ఉంటది, నేనడిగితే అన్న చిన్నబుచ్చుకుంటడు' అని దేవదాస్ అనుకున్నాడు. అనుకున్నవాళ్లలో ఒక్కరూ పైకి అనలేదు.

ఒక కుండ అన్నం తినడం ఆ మధ్యాహ్నంతో ఆఖరు. పెద్దమనుషులు, అన్నదమ్ములు, పిల్లలు, మేస్త్రీ, చివరకు తోటికోడళ్లు ఒకరికొకరు వీపులు చూపించుకుంటూ తిన్నారు. శంకరవ్వ మెత్తటి అన్నం, పుంటికూర, పచ్చిపులుసు వడ్డించింది. ఇక తను కూర్చోబోతుంటే వాకిట్లో నుంచి పిలుపు వినిపించింది.

"అగ శంకరీ! ఉన్నవా?"

ఆమె పిన్ని కూతురు. పుట్టినప్పుడు గంగవ్వ, భైంసాకు కోడలై పోయాక గంగుబాయి అయింది. చీర కాసెపోసి కట్టి, నుదుట పెద్ద బొట్టు పెట్టుకొని, వేములవాడలో మొక్కు తీర్చుకొని వస్తోంది. శంకరవ్వ కుండ అడుగున మిగిలింది గీకి ఆమెకు పెట్టింది.

"జొన్న భాకర్లు తినీ తినీ బువ్వ రుచి మర్సిపోయిన" అంటూ గంగుబాయి ఆబగా తిన్నది. "సూడు, మా ఖానావళికి తిననీకి జిన్నింగు మిల్లు కూలోళ్లు మస్తు మంది వస్తరు. భాకర్లు కొట్టీ కొట్టీ నా రెట్టలు వడిపోయినయి. నువ్వొస్తె నాకు జర ఆరాం."

"పనికి పిలుస్తున్నవా అక్కా?"

"పనికే! ఉత్తగ కూసోవెట్టి తినిపియ్యనీకి నేనేమన్న దేశ్‌ముఖ్ పెండ్లాన్నా? గని ఒక్కటి. మా దగ్గర చేసే మనిషి ముందుగాల తింటది. ఆకలి మీద కొడితె భాకర్ పొంగది, నేను సూసిన."

శంకరవ్వ నవ్వింది. "ఇయ్యాల తేలుతదక్కా. ఎవలో ఒకలు అంటరు."

"ఏమని?"

"మా ఇంట్లనే ఉంటదని."

గంగుబాయి వేళ్లు నాకడం ఆపి ఆమె ముఖంలోకి చూసింది. చెయ్యి కడుక్కుంది. "పొద్దుగూకంగ కామారెడ్డి బస్సున్నది. నేను చౌరస్తల కూసుంట" అని మూట ఎత్తుకొని వెళ్లిపోయింది.

పెంకులో నిప్పులు తీసుకొని శంకరవ్వ ముగ్గు గీత దాటింది. పాత పొయ్యిలోని నిప్పుతోనే కొత్త పొయ్యి రాజేయాలి. సాయబాను మూలలో బాలవ్వ మూడు రాళ్లు పెట్టి అలికి ఉంచింది. శంకరవ్వ వంగి ఊదింది. పొగ కళ్లలోకి పోయింది.

"అక్కా, బువ్వ పలుకు పలుకుగ దించు. ఇగ మాకు గంజితోటి పని లేదు. నూలు గంజి వెట్టే వస్తది" అన్నది బాలవ్వ, చంటిదాన్ని చంకన ఊపుతూ.

ఇన్నేళ్లలో శంకరవ్వ పలుకుగా అన్నం దించడం అదే మొదలు. వార్చిన పల్చటి గంజి గిన్నెను ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలో పట్టుకొని కాసేపు నిలబడింది.

"పారబొయ్యి" అన్నది బాలవ్వ.

గంజి ఇంటి ముందు మోరీలో పడింది. ఒక కుక్క వచ్చి నాకింది.

దేవదాస్ షెడ్డులో పనివాడితో కలిసి మోటారుకు బెల్టు ఎక్కిస్తున్నాడు. చేతులకు నల్లటి గ్రీజు ఉంది. శంకరవ్వ గుమ్మంలో నిలబడింది.

"దేవదాసూ, ఒక మాట."

"చెప్పు వదినె... ఏయ్, బెల్టు గట్ల కాదురా, ఇటు గుంజు! చెప్పు వదినె."

"ఏం లేదు. నేను ఇయ్యాల్టి సంది..."

"పొద్దుగూకంగ మోటారు చాలు చేస్తున్నం వదినె. టెంకాయ నువ్వే కొట్టాలె. జర ఆగు, తర్వాత మాట్లాడుదాం."

ముఖం వెలిగిపోతూ అన్నాడు. టెంకాయ కొట్టమన్నాడు, ఇంట్లో మనిషికే చెప్తారు కదా అని శంకరవ్వకు ఒక్క క్షణం అనిపించింది. మళ్లీ, శుభకార్యానికి మొగుడు పోయినదాని చెయ్యి వద్దని ముత్తయిదువులు అంటే అది కూడా ఉండదనిపించింది. అదే జరిగింది. కాసేపటికి బాలవ్వ తల్లి వచ్చి టెంకాయ అందుకుంది.

పాత వంటింట్లో నుంచి కనకవ్వ కేకేసింది. "శంకరీ, గీ రొట్టెలు జర చేసిపో. నా మోకాళ్లు వంగుతలేవు." శంకరవ్వ గోడలో వదిలిన సందులో నుంచి ఇటు వచ్చింది. జొన్నపిండి వేడినీళ్లతో కలిపి, అరచేతులతో తట్టి, పెంక మీద వేసి, నీళ్లు తడిమి తిప్పింది. కనకవ్వ రొట్టెలు గుడ్డలో చుట్టి పెట్టుకుంటూ, మరిది ఇంటివైపు గడ్డంతో చూపించింది. "పాపం, ఆ పిల్లకు రొట్టె చేసుడు సుత రాదు. ఆడ నీ బువ్వకు ఆలిస్యమైతదేమో, పో" అన్నది. మంచి మనసుతోనే అన్నది.

అటు వెళ్తే బాలవ్వ గిన్నెలు కడిగి బోర్లించేసింది. "అక్క చేసిన రొట్టెల వాసన ఈడికొచ్చింది" అని చంటిదాన్ని ఎత్తుకుంది. తిని వచ్చిందనే అనుకుంది. గోడకు ఇటున్నవాళ్లు అటున్నవాళ్లను అడిగి ఉంటే ఒక్క మాటతో తేలిపోయేది. కాగు మీద మొదలైన పంతంతో ఆ ఒక్క మాట కూడా లేకపోయింది.

పొగకూ మట్టికీ పాడైన చీర విప్పి, రెండోది కట్టుకొని, శంకరవ్వ బావి దగ్గర ఉతికింది. వాకిట్లో దండెం గోడ కోసం పొద్దున్నే తీసేశారు. తడి చీర పట్టుకొని నిలబడి, చివరకు కొత్త గోడ మీదే, సగం ఇటు సగం అటు, ఆరేసింది.

"పచ్చిగోడ అవ్వా! మట్టంటుతది" అన్నాడు అంజన్న.

"అంటనియ్యి."

గోడ అంజన్న ఛాతీ దాకా లేచింది. మనిషి పట్టే సందు ఒక్కటే మిగిలింది. అతను చివరి ఇటుకలు పక్కన పేర్చుకొని, చేతులకు మట్టి పూసుకొని, సందులో నిలబడిన శంకరవ్వను చూసి ఆగాడు.

"అవ్వా, నువ్వు ఇటా అటా? సందు మూస్తున్న."

పొద్దుటి నుంచి ఆ మాట అడిగినవాడు అతనొక్కడే. శంకరవ్వ ఇటు చూసింది. వంటింట్లో కనకవ్వ కుండల మీద మూతలు పెడుతోంది. అటు చూసింది. వీధి వీధంతా షెడ్డు ముందు గుమిగూడి ఉంది. దేవదాస్ మీట నొక్కాడు. బల్బు వెలిగింది, మోటారు గుర్రుమంది, మరుక్షణం మరమగ్గం టకటకమంటూ అందుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడులో తన మాట తనకే వినిపించలేదు. మళ్లీ గట్టిగా అన్నది.

"ముయ్యి తమ్మీ. నేను బయటికి వోతున్న."

అంజన్నకు ఆ మాటలో కొత్తేమీ కనిపించలేదు. ఆమె పక్కకు జరిగింది. అతను ఇటుక పెట్టాడు.

కామారెడ్డి బస్సు కదిలాక గంగుబాయి శంకరవ్వ పక్కన సీటు మీద కాళ్లు ముడుచుకొని కూర్చుంది. ఊరి చివర చెరువుకట్ట దాటాక మూట విప్పి, గుడ్డలో చుట్టిన భాకర్లు బయటికి తీసింది.

"తిన్నవా?"

శంకరవ్వ నోటికి అలవాటుగా వచ్చింది, "తిన్న." కిటికీ వైపు తిరిగింది. కాసేపటికి, ఇటు తిరగకుండానే, "తినలే అక్కా" అన్నది.

మర్నాడు పొద్దున అంబదాస్ పడుగు చాపి, గంజి కోసం ఎదురుచూశాడు. "శంకరవ్వ ఏదే?" అని భార్యను అడిగాడు. కనకవ్వ గోడ మీద చీర చూసి, "ఆ ఇంట్లనే పండుకున్నట్టుంది. అవుతలికి వేలాడుతలేదా చీర?" అన్నది. అవతల బాలవ్వ చంటిదాన్ని ఊపుతూ అదే చీర చూసి, "ఇయ్యాల రాలేదేంది? పెద్దింట్ల పని తెగలేదేమో" అనుకుంది. అడుగుదామని ఇద్దరికీ అనిపించింది. ముందు మాట్లాడేదెవరని ఇద్దరూ ఆగారు.

ఎండ పైకొచ్చింది. గోడ ఆరింది. తడి మట్టికి అంటుకున్న చీర అంచు గోడతోపాటే బిగుసుకుపోయి, సగం ఇటు, సగం అటు, మరమగ్గం ఊగినప్పుడల్లా కొద్దికొద్దిగా అదురుతూ ఉంది.