పుర్రె మీది కప్ప

స్పెయిన్ నుంచి తిరిగి రాగానే మునిలక్ష్మిని ఊరికి పంపుతానని మామా రంజాన్ నెలలోనే మాట ఇచ్చింది. మామా అంటే కువైట్‌లో హవల్లీకి ఆనుకొని ఉన్న జాబ్రియాలో మునిలక్ష్మి పనిచేస్తున్న ఇంటి యజమానురాలు. మాట ఇచ్చే వేళకు మామా చేతిలో జపమాల తిరుగుతూ ఉంది కనుక ఆ మాటకు తిరుగు లేదని మునిలక్ష్మి నమ్మింది. చేతిలో ఏమున్నదన్న దానికీ, మాట నిలబడడానికీ సంబంధం ఏమిటని అడిగే అలవాటు ఆమెకు లేదు.

ఆమెది రాయచోటి వైపు ఒక మెట్ట పల్లె. భర్త పోయాక కూతురు వెంకటేశ్వరిని చెల్లెలి ఇంట్లో వదిలి కువైట్ విమానం ఎక్కింది. మధ్యలో ఒక్కసారి మాత్రమే ఇంటి ముఖం చూసింది. ఇప్పుడు ఆ పిల్ల నర్సింగు పరీక్ష రాసి ఫలితం కోసం కాచుకొని ఉంది. ఫోను చేసినప్పుడల్లా ఒకటే మాట.

"హైస్కూల్లో చిన్నాయనే చేర్పించె. ఇంటర్లోనూ చిన్నాయనే చేర్పించె. సీటొస్తే ఈసారి నువ్వే వచ్చి హాస్టల్లో వదిలిపెట్టాల. ల్యాకుంటే నాకు అమ్మ ఉండాదని ఎవురికీ చెప్పను, చూడు."

"వస్తా నాయనా. మామా ఒప్పుకునింది. ఆ దేశం పోయొచ్చినంక పంపిస్తాదంట."

"ఆ దేశంలో నీకేం పని?"

"దానాను ఎత్తుకోవద్దా?"

దానా మామా చిన్న కూతురు. దానిని ఎత్తుకోవడానికి, దాని పాలసీసాలూ గుడ్డలూ ఉన్న సంచిని మోయడానికి మునిలక్ష్మి యూరప్ ఖండానికి వెళ్ళింది. వెళ్ళే ముందు మామా మనసులో ఒక జంకు లేకపోలేదు. ఇంతకు ముందు పనిచేసిన మనిషి లండన్‌లో పాలు తెస్తానని హోటల్ దిగి వెళ్ళి మళ్ళీ కనిపించలేదు. ఆ కథను ఆ ఇంట్లో ఎవరూ మరచిపోలేదు. కొత్తగా ఎవరు పనిలో చేరినా ముందు అది వినిపించేవారు.

స్పెయిన్‌లో వాళ్ళు చూడబోయిన సలమాంకా రాతి ఊరు. రాయి తేనె రంగులో ఉంటుంది. పొద్దు వాలేకొద్దీ గోడలు ఎర్రబడతాయి. ఎనిమిది వందల ఏళ్ళుగా అక్కడ విశ్వవిద్యాలయం నడుస్తున్నది. ఊరంతా కాలినడకన తిప్పి చూపించడానికి మొరాకో నుంచి వచ్చి స్థిరపడిన అమ్మాయి ఒకతె గైడుగా కుదిరింది. చేతిలో పసుపుపచ్చ గొడుగు పైకెత్తి పట్టుకొని, అరబ్బీలో చెబుతూ ముందు నడిచింది. రాతి గవ్వలు పొదిగిన ఇల్లు చూపించింది. పట్టా పుచ్చుకొన్న విద్యార్థులు ఒకప్పుడు ఎద్దు నెత్తురు కలిపిన రంగుతో గోడల మీద రాసిన రాతలు చూపించింది. మామా ఇద్దరు కొడుకులూ ఐస్‌క్రీము తింటూ వెనక పడ్డారు. మామా భర్త ఎండకు విసుక్కున్నాడు. మునిలక్ష్మికి కువైట్ అరబ్బీ తెలుసు కనుక గైడు చెప్పేదానిలో సగానికి పైగానే అర్థమవుతూ వచ్చింది.

విశ్వవిద్యాలయం ముంగిట గైడు ఆగింది. ఆ ముఖద్వారం మీద చెయ్యి పెట్టడానికి చోటు లేనంతగా శిల్పాలు. రాజులు, రాణులు, పక్షులు, తీగలు, పుర్రెలు.

"వీటిలో ఎక్కడో ఒక కప్ప ఉంది" అన్నదామె. "ఎవరి సాయమూ లేకుండా దాన్ని కనిపెట్టిన విద్యార్థి పరీక్ష తప్పడని ఇక్కడివాళ్ళ నమ్మకం. ఎవరైనా వేలు పెట్టి చూపిస్తే మాత్రం ఫలితం ఉండదు. వెతకండి చూద్దాం!"

పిల్లలు అటూ ఇటూ చూసి చాలించారు. మామా నవ్వుతూ వెనక్కి తిరిగి, "మూనీ, నీ కూతురికి పరీక్ష ఉందన్నావుగా, నువ్వు వెతుకు!" అని, అలా నవ్వుతూ తల ఎత్తి చూస్తున్న ఆమెను ఫోటో కూడా తీసి, ఫోనును సంచిలో పడేసింది. దానాను ఎత్తుకొని తను ముందుకు నడిచింది. సంచి మాత్రం మునిలక్ష్మి భుజానికే ఉండిపోయింది.

కప్ప అంటే మునిలక్ష్మికి పరాయిది కాదు. వాన మొహం చాటేసిన ఏడు వాళ్ళ ఊళ్ళో ఆడపిల్లలు రోకలికి కప్పను కట్టి, వేపాకు చుట్టి, ఇంటింటా దాని మీద నీళ్ళు పోయించుకొనేవారు. ఆ రోకలి ఒక కొన ఆమె భుజాన కూడా ఉండేది. ఒక ఏడు ఊరేగింపు గడప దాటకముందే వాన కొట్టింది. తక్కిన ఏళ్ళలో ఎండలు ఎండినట్లే ఎండాయి. కానీ మనిషి మనసు వాన కురిసిన ఏడునే దాచుకొంటుంది. కురవని ఏళ్ళకు అక్కడ చోటు ఉండదు. అలాంటి మనసుతో ఆమె ఆ గోడ ముందు నిలబడింది. ఎన్నడో రాసేసిన పరీక్ష ఫలితాన్ని రాతి కప్ప ఎలా మారుస్తుందని అడిగేవారు పక్కన లేరు. ఉన్నా, అంత చిన్న ఆశకు అంత పెద్ద ప్రశ్న ఎందుకని ఊరుకొనేవారేమో.

కింది నుంచి పైకి, పై నుంచి కిందికి, తీగ తీగా వెతికింది. మెడ పట్టేసింది. ఒకావిడ పక్కనుంచి వేలు చూపించబోతే కళ్ళు గట్టిగా మూసుకొంది. కడకు కుడివైపు స్తంభం మీద, ఒక పుర్రె నెత్తిన, అరిగిపోయిన గులకరాయిలా కూర్చున్న కప్ప కనిపించింది. "అమ్మా ఈశ్వరీ, పాసవుతావులే" అని పైకే అనేసింది.

కళ్ళు దించేసరికి తనవాళ్ళెవరూ లేరు. దూరాన సందు మలుపులో పసుపుపచ్చ గొడుగు కనిపించింది. పరుగెత్తి దాని వెంట పడింది. ఆ ఊళ్ళో ఒకే సంస్థ గైడులందరికీ ఒకే రంగు గొడుగులని ఆమెకు ఎలా తెలుస్తుంది? ఆ గుంపు తన యాత్ర ముగించుకొని ఏటి ఒడ్డున ఆగిన బస్సు దగ్గరికి చేరింది. అది మాడ్రిడ్ వెళ్ళే బస్సు. గొడుగు ముడిచిన మనిషి ముఖం చూశాక గాని తను పొరపడినట్లు మునిలక్ష్మికి తెలియలేదు. హోటల్ పేరు తెలియదు. మామాకు ఫోను చేస్తే అది తన భుజానున్న సంచిలోనే మోగింది. మామా కబురుతో పోలీసులు వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ళ వెనకే మామా, ఆమె భర్త వచ్చారు.

మామా ముందు సంచి లాక్కొని అడుగున తడిమింది. గుడ్డల కింద తోలు పర్సులో ఇంటిల్లిపాది పాస్‌పోర్టులూ ఉన్నాయి. వాటిలో మునిలక్ష్మిదీ ఉంది. అవి అక్కడ ఉన్నాయని అప్పటిదాకా ఆమెకు తెలియనే తెలియదు.

మాడ్రిడ్ బస్సు, భుజాన సంచి, సంచిలో పాస్‌పోర్టు. వీటిని కలిపి చూసినవారికి కప్ప కనిపించదు.

"కప్ప కోసం నిలబడినాను మామా. నువ్వే కదా వెతకమన్నావు" అన్నది మునిలక్ష్మి ఆ సాయంత్రం హోటల్ గదిలో. "కుడిపక్క స్తంభానికి ఉంది. పుర్రె మీద కూర్చొని ఉంది. నేను కళ్ళారా చూశాను."

"అది గైడు కడకు తన ఫోనులో మాకందరికీ చూపించింది" అన్నది మామా. "ఎక్కడుందో ఇప్పుడు నా చిన్న కొడుకూ చెప్పగలడు. దాంతో ఏం రుజువవుతుంది?"

మునిలక్ష్మి దగ్గర ఉన్న ఒకే ఒక సాక్ష్యం అలా పనికి రాకుండా పోయింది.

కువైట్ చేరాక ఎవరూ ఆమెను తిట్టలేదు, కొట్టలేదు. పాస్‌పోర్టు మామా బీరువాలోకి వెళ్ళింది. ఇంటివాళ్ళు బయటికి వెళ్ళేటప్పుడు వీధి తలుపుకు తాళం పడసాగింది. సెలవు మాట ఎవరూ ఎత్తలేదు. మునిలక్ష్మి ఎత్తితే, "తర్వాత చూద్దాం" అని మామా ముఖం తిప్పుకొనేది.

ఆ ఇంటి కారు నడిపే సత్యప్రసాద్‌ది కోనసీమ. కువైట్‌లో తల నెరిసినవాడు. సాయంత్రం టీ అందించడానికి గేటు దగ్గరికి వెళ్ళినప్పుడు మునిలక్ష్మి అతని ముందు గోడు వెళ్ళబోసుకొంది.

"ఏవమ్మా, కప్ప కోసం ఆగిపోయానంటే నమ్మడానికి ఆవిడేవన్నా కప్పల్ని తినే నీళ్ళ పావా?" అన్నాడు సత్యప్రసాద్ టీ ఊదుకొంటూ.

"నగుబాటు చేయొద్దన్నా. మా యమ్మ తోడు, నిజం."

"నిజవే అయ్యుండొచ్చమ్మా. దాన్నేం చేసుకుంటావ్? అన్నంలో నంజుకుంటావా? ఇదిగో, నా మాటిను. మావైపు పెద్దమనుషుల ముందుకెళ్ళి తప్పయిపోయిందండి, కాయండి అంటే చాలు. తగువు అక్కడికక్కడే చల్లారిపోద్ది. కోపవొచ్చినోళ్ళకి నిజం అక్కర్లేదు. మనం తల దించితే చాలు."

"మా తట్టూ అంతే. అయినా చేయని తప్పు ఎట్ల ఒప్పుకుందు?"

"ఊరెళ్తావా, వెళ్ళవా?"

వెళ్తానన్నట్లు మునిలక్ష్మి తల ఊపింది.

"మరింకేంటి! పారిపోదావనుకున్నాను, బుద్ధి గడ్డి తింది అనెయ్. మామా మెత్తనిదే. కన్నీళ్ళెట్టుకుని టికెట్టు తీసేస్తది, చూస్కో."

అతడు కీడు కోరి చెప్పలేదు. వాళ్ళిద్దరూ పుట్టిన ఊళ్ళలో తప్పు ఒప్పుకోవడం తగవుకు ముగింపు. తప్పు జరిగిందా లేదా అన్నది ఆ రచ్చ మీద పెద్దగా ఎవరూ తరచి చూడరు. నలుగురి ముందు ఒకడు తల వంచితే, రెండోవాడి కడుపు మంట చల్లారి, ఊరు మళ్ళీ ఊరవుతుంది. ఆ ఆచారం సముద్రం దాటి రాదని వాళ్ళకు తట్టలేదు.

మర్నాడు సాయంత్రపు అసర్ నమాజు ముగించి మామా సోఫాలో కూర్చొన్నప్పుడు మునిలక్ష్మి వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చొంది.

"మామా, ఆ రోజు పారిపోవాలనే అనుకున్నాను. నాది తప్పు. నన్ను క్షమించు."

మామా కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. మునిలక్ష్మి తల నిమిరింది.

"నాకు తెలుసు మూనీ. కప్ప అని నువ్వు అబద్ధం ఆడుతుంటేనే నాకు ఎక్కువ బాధ కలిగింది. ఇప్పుడు నిజం చెప్పావు. నీ మీద నాకు కోపం లేదు. ఖలాస్."

మునిలక్ష్మి గుండె తేలికపడింది. సత్యప్రసాద్ దేవుడనుకొంది.

"మరి ఊరికి ఎప్పుడు పంపుతావు మామా?"

మామా చెయ్యి ఆమె తల మీదే ఆగింది.

"ఊరికా? నువ్వే కదా ఇప్పుడు చెప్పావు? నా కళ్ళ ముందు ఉండగానే పారిపోదామనుకున్నదానివి, ఇండియా వెళ్ళి తిరిగి వస్తావా? నీ ఇఖామా అనుమతి గడువు ముగిసేదాకా ఇక్కడే ఉండు. నేను నిన్ను బాగానే చూసుకొంటాను."

"లేదు మామా! ఇప్పుడు చెప్పింది అబద్ధం. నేను పారిపోవాలనుకోలేదు. నువ్వు పంపిస్తావని అట్లా చెప్పాను."

"అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పింది అబద్ధమా?"

ఆ ప్రశ్నలో ఏ లోపమూ లేదు. అవసరం కోసం ఒకసారి అబద్ధం చెప్పగలిగిన మనిషి, అవసరం కోసం రెండోసారి చెప్పదని ఏ ఆధారంతో నమ్మడం? మామా క్రూరురాలు కాదు. తన ముందున్న సాక్ష్యాన్ని సక్రమంగానే తూచింది. సాక్ష్యమే తప్పుడుది. దానిని తయారు చేసి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది మునిలక్ష్మి.

"లే, ముఖం కడుక్కో. నిన్ను క్షమించానని చెప్పాను కదా" అన్నది మామా ఎంతో ఆదరంగా.

ఆ సంగతి విని సత్యప్రసాద్ టీ గ్లాసు గోడ మీద పెట్టేశాడు. "అదేంటమ్మా, ఒప్పేసుకున్నాక ఇంకేం కావాలంట?" అని మాత్రం అనగలిగాడు. ఆపైన చాలా రోజులు టీ తీసుకొనేటప్పుడు అతడు ఆమె ముఖం చూసేవాడు కాదు.

శుక్రవారం ఉదయం వెంకటేశ్వరి ఫోను చేసింది. గొంతు గంతులేస్తున్నది.

"మా! సీటొచ్చింది! తిరుపతిలో! వచ్చే నెల మొదట్లోనే చేరాలంట. ఎప్పుడొస్తాండావు?"

మునిలక్ష్మి వంటగది తలుపు చేరవేసింది. ఇక అబద్ధం చెప్పే ఓపిక ఆమెకు లేదు. గొడుగూ, బస్సూ, పాస్‌పోర్టూ, ఒప్పుకోవడమూ ఏదీ దాచకుండా, జరిగింది జరిగినట్లు చెప్పింది.

"కప్పనా?" అన్నది పిల్ల చివరకు.

"అవు నాయనా. నీ పరీక్ష కోసరమే."

"నువ్వు పంపిన ఆ గోడ ఫోటోలో బాగానే నవ్వుతాంటివి కదమా. రావడానికి కాకుంటే కాదని చెప్పు. చిన్నపిల్లకు చెప్పినట్ల కథలు చెప్పాకు."

"కథ కాదు ఈశ్వరీ..."

"సర్లే. నువ్వే రావాలని రూలేం ల్యాదంట. అడిగినా. సంతకం చిన్నమ్మ పెట్టినా సరిపోతాదంట."

మునిలక్ష్మి, హాస్టల్లో చలిగా ఉంటుందేమో, మంచి దుప్పటి కొనుక్కోమన్నది.

"చిన్నమ్మ కొనింది."

పెట్టెకు గట్టి తాళం ఉండాలన్నది.

"చిన్నాయన తెచ్చినాడు."

"ఇంగేమన్నా కావాల్నా నాయనా?"

"ఏమొద్దుమా" అన్నది వెంకటేశ్వరి. ఆ గొంతులో కోపం లేదు. "అన్నీ అయిపోయినాయి."