ఎందుకమ్మ ఇల్లు వెతుక్కున్న వైనం

ఆమెకు పెట్టిన పేరు ఒకటి, పిలిచే పేరు ఒకటి. మాటలు వచ్చింది మొదలు "ఎందుకు?" అంటూ ఇంటిల్లిపాదినీ వేపుకు తింటుంటే, అన్నయ్య విసిగిపోయి "ఎందుకమ్మ" అని పేరు పెట్టాడు. ముప్పై దాటినా అదే నిలిచిపోయింది. పుట్టుకతోనే ఆమె కండరాలు ఆమె మాట వినవు. కాళ్ళు బొత్తిగా వినవు. ఎడమ చెయ్యి తనకు తోచినప్పుడు వింటుంది. కుడిచేతి చూపుడువేలు మాత్రం బుద్ధిగా చెప్పినట్టు చేస్తుంది. ఆ వేలితోనే చక్రాల కుర్చీ మీట నొక్కి నడుపుకుంటుంది, ఆ వేలితోనే ఒక వారపత్రికకు గళ్ళనుడికట్టు కూర్చి పంపుతుంది. మాట కూడా నాలుక మీద నానా తంటాలు పడి గాని బయటికి రాదు. తొందరలో ఉన్నవాళ్ళు ఆమె వాక్యాన్ని తామే పూర్తిచేసి, ఆమె అడగని ప్రశ్నకు జవాబు చెప్పి వెళ్ళిపోతారు.

అన్నయ్య గోడలకు రంగులు వేస్తాడు. పొద్దున్నే చెల్లెల్ని మంచం మీంచి ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాకే పనికి వెళ్ళేవాడు. పడుకునే వేళకి మళ్ళీ కుర్చీలోంచి మంచం మీదికి చేర్చేవాడు. అమ్మానాన్నలు పోయినప్పటి నుంచీ ఇదే వరస. ఒకరోజు ఆమెను ఎత్తుతూ ఎత్తుతూ "అబ్బా!" అని నడుం పట్టుకుని కూలబడ్డాడు. వదిన పరుగెత్తుకొచ్చి ఒక చేత్తో ఆడపడుచును, ఇంకో చేత్తో మొగుణ్ణి పట్టుకుంది. డాక్టరు ఎక్స్‌రే తీసి చూసి, వెన్నుపూస జారిందనీ, ఇకమీదట నీళ్ళ బకెట్టు కూడా ఎత్తొద్దనీ చెప్పాడు.

"బకెట్టంటే సరే. మరి నేనో?" అంది ఎందుకమ్మ ఇంటికొచ్చాక. నవ్వాలో ఏడవాలో తెలియక అన్నయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వారం తిరక్కుండా సంక్షేమ కార్యాలయం నుంచి ఒకావిడ వచ్చింది. సన్నగా, కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని ఉంది. రెండు దార్లున్నాయని చెప్పింది. ఒకటి ఉమ్మడి ఇల్లు. అక్కడ నలుగురైదుగురు కలిసి ఉంటారు, సాయం చేసేవాళ్ళు పగలూ రాత్రీ అక్కడే ఉంటారు. రెండోది మామూలు భవనంలో కింది అంతస్తు వాటా. అక్కడ తనొక్కతే ఉండాలి, సహాయకులు వేళకి వచ్చి లేపి, స్నానం చేయించి, వండిపెట్టి వెళ్ళిపోతారు.

"ఇందులో ఆలోచించడానికేముంది? ఉమ్మడి ఇల్లే" అన్నాడు అన్నయ్య.

"ఉండేది నువ్వా, తనా?" అంది వదిన.

"దానికి ఏదన్నా అయితే?"

"ఇక్కడ నీకే అయింది కదా!"

ఇద్దరూ మాటకి మాట అనుకుంటుంటే ఎందుకమ్మ ఓపిగ్గా కాచుకుని, సందు దొరగ్గానే అంది: "రెండూ... చూస్తాను."

ఉమ్మడి ఇల్లు వంక పెట్టడానికి వీల్లేనంత బావుంది. గడపలు లేవు, తలుపులు వెడల్పు, మనిషిని మంచం మీంచి ఎత్తి కుర్చీలో దింపే యంత్రం పైకప్పుకి వేలాడుతోంది. అన్నయ్య ఆ యంత్రం కింద నిలబడి, తన నడుం తడుముకుంటూ, గుళ్ళో దేవుణ్ణి చూసినట్టు చూశాడు. ఇంటి బాధ్యత చూసే పెద్దాయన గదిగదికీ తిప్పి చూపించి, "మీకేం కావాలన్నా అడిగితే చాలమ్మా" అన్నాడు.

"అడక్కుండా... ఏం చెయ్యొచ్చు?" అంది ఎందుకమ్మ.

పెద్దాయన నొచ్చుకోలేదు. గడ్డం గోక్కుంటూ నిజంగానే ఆలోచించాడు. "భోజనం వేళ అందరిదీ ఒకటే. పనివాళ్ళు మారే వేళకి పడక. మిగతాదంతా మీ ఇష్టమే."

భోజనాల బల్ల దగ్గర ఆమెను ఒకప్పటి బస్సు కండక్టరు పక్కన కూర్చోబెట్టారు. చూపు పోయాక ఉద్యోగం మానేసిన మనిషి. ఆమె ఒక మాట అనడానికి పడే శ్రమంతా విని, "తోసుకోకుండా ఒక్కొక్కటిగా దిగనియ్యి తల్లీ, బండి ఆపే ఉంచాను" అన్నాడు. ఎందుకమ్మ ముద్ద గొంతుకడ్డం పడేలా నవ్వింది.

"మీకిక్కడ... బావుందా?"

"రెండేళ్ళు ఒక్కణ్ణే ఉన్నాను. గోడలకి చెవులుంటాయంటారే, అదంతా అబద్ధం. ఎంత వాగినా ఒక్క గోడా ఊఁ కొట్టలేదు" అన్నాడు కండక్టరు. "ఇక్కడ పోట్లాడుకోడానికైనా మనుషులున్నారు. ఎదురుగా ఉన్నాయన పప్పులో ఉప్పెక్కువంటాడు, నేను తక్కువంటాను. రోజు గడిచిపోతుంది."

తిరిగొచ్చేటప్పుడు ఎందుకమ్మ గేటు దగ్గర కుర్చీ ఆపి, ఆ ఇంటిని ఇంకోసారి చూసుకుంది. ఆ ఇల్లు నచ్చకూడదని మనసులో ముందే అనుకుని వెళ్ళింది. తీరా చూస్తే నచ్చింది. ఇదెక్కడి చిక్కని ఆమెకు ఆశ్చర్యంగా ఉంది.

వాటా చూడటానికి వెళ్ళిన రోజు చినుకులు పడుతున్నాయి. ఒక గది, వంటిల్లు, స్నానాలగది, వెనక చిన్న వరండా. గోడకి తడి చెమ్మ ఉంది. "రంగు నాసిరకం" అని అన్నయ్య గోరుతో గీకి చూపించాడు. ఆపద వస్తే నొక్కమని కార్యాలయం ఆవిడ ఎందుకమ్మ మెడలో ఒక మీట వేలాడదీసింది.

"ఇప్పుడు మీరంతా... బయటికెళ్ళండి" అంది ఎందుకమ్మ.

"ఎందుకూ?" అన్నాడు అన్నయ్య.

ఆ ప్రశ్న తనకే ఎదురుతిరిగినందుకు ఆమెకు సరదా వేసింది. "ఇంట్లో నేనొక్కదాన్నే... ఎప్పుడూ లేను. ఎలా ఉంటుందో... చూస్తాను."

వదిన అతణ్ణి చెయ్యి పట్టుకుని, కాఫీ తాగొద్దాం రమ్మని లాక్కుపోయింది. కార్యాలయం ఆవిడ వాళ్ళ వెనకే వెళ్ళింది. తలుపు పడింది.

మొదట ఏమీ జరగలేదు. అదే ఆమెకు వింతగా తోచింది. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు వస్తూనో, పోతూనో, గిన్నె కడుగుతూనో ఉండేవారు. ఇక్కడ కుళాయి కారే చప్పుడు దాకా వినిపిస్తోంది. పై అంతస్తులో ఎవరో దేన్నో ఈడుస్తున్నారు. ఏమిటది? బీరువానా? ఎందుకు ఈడుస్తున్నట్టు? ఆమె గది మధ్యకు వెళ్ళి ఒక చుట్టు తిరిగింది. ఎవరూ "జాగ్రత్త" అనలేదు. ఇంకో చుట్టు తిరిగి, పనిలో పనిగా వాన చూద్దామని వరండావైపు నడిపింది. గడప దగ్గర ముందు చక్రం కటుక్కున సందులో దిగిపోయింది. వెనక్కి రాదు, ముందుకి పోదు. చినుకులు మోకాళ్ళ మీద పడుతున్నాయి.

 ఆమెకు భయం వేసింది, దాంతో పాటు కుతూహలమూ కలిగింది. మెడలోని ఈ మీట నొక్కితే నిజంగానే ఎవరైనా వస్తారా? నొక్కింది.

"చెప్పండమ్మా, ఏమైంది?" అని మెడ దగ్గర్నుంచే ఓ గొంతు పలికింది.

"చ... చక్..."

అవతలివాళ్ళు ఏదో ఊహించి చెప్పేస్తారని ఎదురుచూసింది. అలా చెప్పలేదు. "తొందరేం లేదు, లైన్లోనే ఉన్నాను" అందా గొంతు. మాట మొత్తం బయటికొచ్చేదాకా ఆగింది.

కాసేపటికి, అదే వీధిలో ఇంకో ఇంట్లో పని ముగించుకున్న సహాయకురాలు ఒకామె తడిసిన గొడుగుతో వచ్చింది. భారీ మనిషి, కీచు గొంతు. కుర్చీని చుట్టూ చూసి, "ఈ రకం నేనెప్పుడూ చూళ్ళేదు. ఎక్కడ పట్టుకోవాలి?" అంది. ఎందుకమ్మ చెప్పింది.

"అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి."

చెప్పింది.

"ఊహూఁ. ఇంకోసారి."

ఆమె ముఖంలో మొహమాటం గాని, జాలి గాని లేవు. మూడోసారికి పట్టుకోవాల్సిన చోటే పట్టుకుని, కుర్చీని ఒక్క కుదుపుతో వెనక్కి లాగింది. సరిగ్గా అప్పుడే అన్నయ్య లోపలికొచ్చి, తడిసిన చెల్లెల్ని చూసి లబోదిబోమన్నాడు. "చూశావా! ఇంకా చేరనే లేదు, అప్పుడే..."

"చూశాను" అంది ఎందుకమ్మ ఆయాసంగా నవ్వుతూ. "వచ్చారు."

వాటా తీసుకుంటానంది. అయితే, కండక్టరు పక్కన తిన్న భోజనం ఆమె మనసును వదలడం లేదు. కార్యాలయం ఆవిణ్ణి అడిగింది: "ఇక్కడుండి... అక్కడ... భోంచెయ్యొచ్చా? అప్పుడప్పుడూ?"

ఆవిడ కళ్ళజోడు నెత్తి మీంచి ముక్కు మీదికి దింపింది. "అలా ఎవరూ అడగలేదండీ."

"ఎందుకు?"

 ఆవిడ పైవాళ్ళకి ఫోన్లు చేసింది. వాళ్ళలో ఎవరూ ఎందుకు కుదరదో చెప్పలేకపోయారు. చివరికి ఎలాగో కుదిర్చారు.

అంతా నల్లేరు మీద బండి నడకేమీ కాలేదు. మారిన మొదటి వారంలోనే ఒక పొద్దున రావలసిన సహాయకురాలు రాలేదు. బదులు మనిషి వచ్చేసరికి ఎండ మంచం దాకా పాకింది. ఎందుకమ్మ తనకు వచ్చిన తిట్లన్నీ ఒక్కొక్కటిగా పైకే తిట్టింది. వినేవాళ్ళు లేరు గనక ఏదీ మింగలేదు. తర్వాత సహాయకుల్ని పంపే సంస్థకు ఫోను చేసి, కీచు గొంతు మనిషినే పంపమని పట్టుబట్టి సాధించుకుంది. ఉమ్మడి ఇంట్లో భోజనానికి వెళ్ళిన రోజు పప్పులో ఉప్పు సరిపోయిందని ఒక్క మాట అని, ఇద్దరు మొగాళ్ళకీ శత్రువైంది.

సెలవురోజు అన్నయ్య, వదిన చూడ్డానికొచ్చారు. అన్నయ్య గంట నొక్కి తలుపు బయట నిలబడ్డాడు. చెల్లెలి గుమ్మంలో అతను అలా కాచుకోవడం అదే మొదటిసారి. లోపల ఆమె గోడకున్న తలుపు మీట నొక్కింది, తలుపు తెరుచుకుంది.

అన్నయ్య గది నాలుగు మూలలా చూశాడు. చెమ్మ గోడ చూసి పెదవి విరిచాడు. తర్వాత నడుం మీద చెయ్యేసుకుని ఇబ్బందిగా కదిలాడు.

"ఏమే, ఎక్కడ కూర్చోమంటావు?"

ఎందుకమ్మ చుట్టూ చూసింది. బల్ల ఉంది, మంచం ఉంది, పొయ్యి ఉంది. కుర్చీ మాత్రం ఒక్కటే ఉంది, అందులో తను కూర్చుని ఉంది. ఇంటికి కావలసినవన్నీ కొన్నప్పుడు మనుషులు కూర్చుంటారన్న సంగతే ఆమెకు తట్టలేదు. వదిన పొట్ట పట్టుకుని నవ్వుతూ మంచం అంచున కూలబడింది.

ఎందుకమ్మ మాత్రం నవ్వలేదు. అన్నయ్య నడుంకేసి చూస్తోంది. ఇన్నేళ్ళూ తననెలా పట్టుకోవాలో, ఎలా కూర్చోబెట్టాలో అతను అడిగి తెలుసుకున్నాడు. అతనికేది సుఖమో తను ఒక్కసారీ అడగలేదు.

"నీకు... ఎలాంటి కుర్చీ... బావుంటుంది?"

అన్నయ్య నడుం మీంచి చెయ్యి తీసి గాల్లో కుర్చీ ఆకారం గీశాడు. "వీపు ఆనే చోటు నిటారుగా ఉండాలి" అన్నాడు. "చేతులు కొంచెం ఎత్తుగా ఉంటే లేవడానికి పనికొస్తాయి. ఏమో, నాకూ సరిగ్గా తెలీదు. కూర్చుని చూస్తేగాని..."

"పదండి అయితే" అంది ఎందుకమ్మ తలుపు మీట నొక్కుతూ. "కూర్చుని చూద్దాం."