బాయిలర్ మీద ఓటు

సుత్తితో నాలుగోసారి తట్టినా సేఫ్టీ వాల్వు కదలలేదు. బాయిలర్ నడిపే పోశయ్య నిచ్చెన దిగి, చేతులను గుడ్డతో తుడుచుకున్నాడు. ఆవిరి మితిమీరితే దానంతటదే తెరుచుకోవలసిన వాల్వు అది. బిగుసుకుపోయింది.

నాచారంలోని ఆ మందుల కంపెనీకి యజమాని తాళం వేసి మూడు నెలలైంది. ఇరవై రోజుల కిందట కార్మికులే ఆ తాళం తీశారు. ఇకమీదట యజమాని లేడు, సూపర్‌వైజరు లేడు. ఏ పనైనా అందరూ చేతులెత్తి తీర్మానించుకోవాలి. ఊడ్చేవాళ్లకైనా, బాయిలర్ నడిపేవాడికైనా నెలకు రెండువేల ఆరువందలే. ఈ పద్ధతి నేర్పినవాడు కార్మిక ఉద్యమం తరఫున వచ్చిన సుధీంద్ర. మొదటి మీటింగులో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది పోశయ్యే. ఆ రోజు దేవుడి పటాల ముందు ఇంకో దీపం కూడా పెట్టాడు.

సాయంత్రానికి మందుపొడి ఆరబెట్టి ఇవ్వకపోతే, వచ్చిన ఒకే ఒక్క ఆర్డరు పోతుంది. ఆరబెట్టాలంటే ఆవిరి కావాలి. అందుకే అందరూ బాయిలర్ షెడ్డు ముందు చేరారు.

“ఉప్పల్ మెకానిక్ కొత్త వాల్వు ఎక్కియ్యాల్నంటే రెండు దినాలు,” అన్నాడు పోశయ్య. “గిట్ల బాయిలర్ అంటువెట్టుడు నాతోని గాదు.”

“పోశయ్య మామ ఇంటికి వొయ్యి అత్తను అడిగొస్తడంట,” అన్నాడు ఫిట్టరు తిరుపతి. కొందరు నవ్వారు.

సుధీంద్ర నవ్వలేదు. “పోశయ్య గారూ, యజమాని ఉన్నప్పుడు ఆరు నెలలు బిగుసుకున్న ఇదే వాల్వుతో నడిపారు కదా?”

“నడిపిన సారూ. నౌకరి పోతదని బుగులుకు నడిపిన.”

“ఇప్పుడు తీసేసేవాడెవడూ లేడు. నిర్ణయం మనందరిదీ.” బాయిలర్ వెలిగించాలనేవాళ్లు చేతులెత్తమన్నాడు.

పోశయ్యవి తప్ప అందరి చేతులూ లేచాయి. అన్నీ తెలిసిన చేతులే, ఒకే టిఫిన్ గిన్నెలో తిన్న చేతులే. యజమాని ఒక్కడు చెప్పినప్పటికంటే ఇప్పుడే పోశయ్యకు ఎక్కువ భయమేసింది. అప్పుడు మనసులోనైనా తిట్టుకునే వీలుండేది.

“సారూ, జర ఒక్క మాట. గింతమంది చేతులెత్తితే వాల్వు తెరుసుకుంటదా?”

“తెగింపు లేకుండా ఏ మార్పూ రాదండీ,” అన్నాడు సుధీంద్ర.

“అయితే చేతులెత్తినోళ్లు లోపటికొచ్చి నా పక్కన నిలవడుండ్రి. అంటువెడత.”

ఎవరూ రారనే అనుకున్నాడు. తిరుపతి తల దించుకున్నాడు. సుధీంద్ర గడప దగ్గరే ఆగిపోయాడు. ప్యాకింగులో పనిచేసే సూర్యకళ మాత్రం గుంపులోంచి వచ్చి, బాయిలర్ పక్కన ఇటుకల మీద కూర్చుంది.

“బయటికి నడువు బిడ్డా,” అన్నాడు పోశయ్య.

“యాడికి వోవాలె కాకా? ఇంట్ల ఇద్దరు పోరగాండ్లు. మూడు నెల్లాయె, పొద్దుగాల గంజి, మాపటికి గంజి. పేలితే పేలనియ్యి. అంటువెట్టు.”

ఆ గొంతులో కోపం లేదు.

“నీ పిల్లలకు బువ్వ వెట్టుడు నాతోని గాదు బిడ్డా. నిన్ను సంపుడు గూడ నాతోని గాదు.”

పోశయ్య వంగి బాయిలర్ అడుగున ఉన్న డ్రైన్ వాల్వు చక్రం తిప్పాడు. పొద్దున్నుంచి నింపిన నీళ్లు భళ్లున బయటికొచ్చాయి. మళ్లీ నింపాలంటే సాయంత్రం దాటుతుంది. వెనక నుంచి ఎవరో అతని చొక్కా పట్టుకుని గుంజారు. చక్రం వదల్లేదు.

సూర్యకళ లేవలేదు. నీళ్లు చెప్పుల దాకా వస్తే కాళ్లు పైకి తీసుకుని, అవి పోతున్న వైపే చూస్తూ కూర్చుంది.