ఆదాము సాక్ష్యం

బెంగాలీల ఊరిలో, ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్ బజారులో ఎండుచేపలు అమ్మే రోజమ్మ లాభమెంత, నష్టమెంత అని చూసుకోకుండా ఏ పనికీ చెయ్యి పెట్టదు. తాగుడు మాన్పించే మాత్రను పొడి చేసి మొగుడు ఆదాము టీలో కలిపినప్పుడూ చూసుకుంది. "బౌదీ, ఆయనకి చెప్పే ఇవ్వాలి. ఇది ఒంట్లో ఉండగా ఎక్కువ తాగితే ప్రాణమే పోవచ్చు" అని ఆమెను వదిన వరసపెట్టి పిలిచే మందుల కొట్టు బెంగాలీ ముందే హెచ్చరించాడు. చెబితే ఆదాము మింగడు. చెప్పకపోతే తాగుడు మానేస్తాడు. చెప్పకపోవడమే లాభమని తేల్చుకుంది.

నాలుగు నెలల కిందట, ఒక్క గుక్కకే ఆదాముకు వాంతులు, గుండెదడ పట్టుకున్నాయి. అది దేవుడి దెబ్బ అనుకుని మానేశాడు. రోజమ్మ మాత్రం టీలో మాత్ర కలపడం మానలేదు. ఈ ఆదివారం ఆరాధనలో ఆదాము లేచి, "పెబువు నా గొంతుక్కి తాళం ఏసినాడు" అని సాక్ష్యం చెప్పి భోరుమన్నాడు. సంఘమంతా హల్లెలూయా అంది. రోజమ్మ తలెత్తలేదు.

నమ్మకం కుదిరిన మనిషి దాన్ని నలుగురికీ చూపించకుండా ఉండలేడు. ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు.

మధ్యాహ్నం, ఆదాముతో డాక్‌లో పనిచేసే సోములు సీసా పట్టుకుని ఇంటికొచ్చాడు.

"ఏటి దాదా, పాస్టరైపోనావంట! నాకూ బాప్తిస్మం ఇచ్చీ. నీళ్ళల్లో వద్దు, దీన్లో."

"నవ్వరా, నవ్వు. గళాసు నిండా పొయ్యి. పెబువు నా కడుపులో దీన్ని ఉండనిస్తాడేమో నీ కళ్ళతోనే సూద్దువు గాని."

గ్లాసు నిండింది. రోజమ్మ పరిగెత్తుకొచ్చి దాని మీద చెయ్యి అడ్డం పెట్టింది. అప్పుడు గుక్కెడే. ఇప్పుడు గ్లాసెడు.

"తాగకయ్యా, సచ్చిపోతావు! నీ గొంతుకి తాళం ఏసింది దేవుడు కాదు, నాను. రోజూ టీలో మాత్ర కలుపుతున్నాను."

సోములు సీసా చంకన పెట్టుకుని మెల్లగా జారుకున్నాడు.

కొడతాడేమోనని రోజమ్మ గోడకు అతుక్కుపోయింది. ఆదాము కొట్టలేదు, తిట్టలేదు. అది ఇంకా భయంగా ఉంది.

"పొద్దున్న అందరి ముందూ ఏడిసినాను. ఆ ఏడుపు నాదా, నీ మాత్రదా?"

రోజమ్మ కొంగుముడి విప్పి మాత్రల పొట్లం అతని ముందు పెట్టింది.

"ఎన్నాళ్ళకి పోద్ది అది ఒంట్లోంచి?"

"రెండు వారాలన్నాడు మందుల కొట్టాయన."

ఆదాము గ్లాసులోది కాలవలో పారబోశాడు.

"ఈ రెండు వారాలూ నీ సేతి మంచినీళ్ళు కూడా ముట్టను. తరవాత ఇలాగే నిండా పోసుకుని గళాసుకి ఎదురుగా కూకుంటాను. నాలో మారినోడు ఉన్నాడో లేడో అప్పుడు తేలతాది."

"తాగేస్తేనో?" అడిగింది రోజమ్మ.

"ఏటో. నాకూ బయ్యంగానే ఉంది" అన్నాడు ఆదాము.