ఎగుమతిలో రాలిపోయినవి

"నువ్వు చెప్తే కదా నాకు తెలిసేది" అన్నాడు భర్త. చాలాసేపట్నుంచి అదే మాటను అటు తిప్పీ ఇటు తిప్పీ అంటున్నాడు. "ఫ్రిజ్‌లో పెట్టాలని ఒక్క ముక్క అనుంటే పెట్టేవాణ్ని."

"చెప్పాను. మీరు బూట్ల లేసులు కట్టుకుంటూ ఊఁ అన్నారు కూడా."

"ఊఁ అంటే విన్నట్టా?"

కూతురు ఫోన్లోంచి తలెత్తకుండానే కిసుక్కున నవ్వింది. గొడవంతా అత్తగారి కంటిచుక్కల సీసా గురించి. ఆవిడ శుక్లం తీయించుకుని ఇంకా వారం కాలేదు. చల్లగా ఉంచాల్సిన సీసా పొద్దుట్నుంచీ కిటికీలో ఎండకు కాగింది. కొత్తది తేవాలి. ఎవరు తేవాలన్నది కూడా తేలిపోయినట్టే ఉంది, భర్త అప్పటికే కుర్చీలో వెనక్కి వాలాడు.

"పోనీలేరా, దాన్నేం అంటావు" అంది అత్తగారు నల్లద్దాల వెనకనుంచి. "దాని ధ్యాసంతా ఆఫీసులో ఉంటే మనమేం చేస్తాం."

వెనకేసుకొస్తున్నట్టే ఉండి వాత పెట్టడం ఆవిడకు బాగా తెలుసు. కోడలు చెప్పులేసుకుని మందుల షాపుకు బయల్దేరింది.

నిజానికి అత్తగారన్నదాంట్లో అబద్ధమేం లేదు. ఈ రోజంతా ఆమె ధ్యాస ఆఫీసులోనే ఉంది. కాకపోతే, ఆఫీసులో ఉండి తీరాల్సిన రోజున అది ఇంట్లో ఉంది.

ఆమె పనిచేసేది పుస్తకాలను, ప్రతి ముక్కకూ బ్రాకెట్లలో గుర్తులు పెట్టే ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లుగా కట్టి ప్రచురణ సంస్థలకు పంపే ఒక చిన్న కంపెనీలో. పొద్దస్తమానం బ్రాకెట్ల మధ్యే బతుకుతుందని అక్కడి కుర్రాళ్లు ఆమెను బ్రాకెట్టక్క అంటారు. ఆ ఫైళ్లలో పుస్తకంలోని మాటలే కాకుండా, ప్రశ్నార్థకాల మధ్య ఇంకో రకం వాక్యాలుంటాయి. ప్రాసెసింగ్ ఇన్‌స్ట్రక్షన్లంటారు. అవి పాఠకుడి కంట పడవు. ఫైలు అందుకునే ప్రోగ్రాముకు చెప్పుకునే మాటలవి: ఇక్కడ పేజీ మార్చు, ఈ పట్టికనూ దాని కింది గమనికనూ విడదీయకు. ప్రతిదానికీ మొదట్లో, అది ఏ ప్రోగ్రాముకు చెబుతున్న మాటో ఆ పేరుంటుంది. తన పేరు కాకపోతే ఏ ప్రోగ్రామైనా చూడనట్టు దాటిపోవచ్చు, అది తప్పు కింద రాదు. ఫైలు కట్టేటప్పుడు తమ సొంత పనికోసం రాసుకున్నవి కొన్ని చేరతాయి. అవతలివాళ్ల ప్రోగ్రాముకు రాసినవి కొన్నుంటాయి. ఫైలును ఎగుమతి చేసి అవతలికి పంపేటప్పుడు తమవి తీసేసి వాళ్లవి ఉంచాలి. అన్నీ ఉంచాలా, అన్నీ తీసేయాలా, ఏరుకుంటారా అని తెర మీద అడుగుతుంది. ఆమె ఎప్పుడూ ఏరేది. ఓపిగ్గా, ఒక్కొక్కదాని పేరూ చూసి.

పోయిన వారం, నర్సుల కోసం రాసిన మందుల మోతాదుల పుస్తకాన్ని ఎగుమతి చేస్తున్న మధ్యాహ్నం భర్త ఫోన్ చేశాడు. "అమ్మ ఆపరేషన్ కాగితాలు ఎక్కడ పెట్టావ్?" బీరువాలో ఎడంపక్క. "ఎడమంటే నా ఎడమా, బీరువా ఎడమా?" పెట్టేశాడు, మళ్లీ చేశాడు. అక్కడ చీరలున్నాయన్నాడు. చీరల కింద చూడమని చెబుతూ, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఆమె వేలు 'అన్నీ తీసేయి' మీద నొక్కింది. తనిఖీలో ఫైలు సవ్యంగా ఉన్నట్టే వచ్చింది. ఆ వాక్యాలు లేకపోవడం తనిఖీకి లోపం కాదు మరి. చివరికి అవతలివాళ్ల ప్రూఫు చూసేవాళ్లెవరో పట్టుకున్నారు. మోతాదుల పట్టిక ఒక పేజీ అడుగున ఉంది. 'పిల్లలకు ఇందులో సగమే' అన్న గమనిక పేజీ తిప్పితే గానీ కనబడటం లేదు. ఇంకా అచ్చుకు వెళ్లలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. కాలేదు కదా అని సరిపెట్టుకోవడం మాత్రం ఆమె వల్ల కావడం లేదు.

ఇవాళ మేనేజరు పిలిచి కోప్పడి ఉన్నా బాగుండేది. అతను కుర్చీ చూపించి, "ఇంట్లో ఏమన్నా ఇబ్బందా మేడమ్?" అన్నాడు. లేదండీ అంది. ఎందుకలా అందో తెలీదు. ఆ ప్రచురణ సంస్థ వాళ్లు ఈ వరసలోని పుస్తకాలన్నిటినీ మొదట్నుంచి మళ్లీ కట్టించమంటున్నారట. ఒక మనిషి వాళ్ల ఊరెళ్లి ఆరు వారాలు కూర్చోవాలట. "ఈ పని మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. కానీ మీకు ఇల్లు కదలడం కుదరదుగా. జూనియర్ని పంపేస్తాను, తర్వాత ఈ ఎగుమతుల బాధ్యత కూడా అతనికే ఇచ్చేద్దాం. రేపటిలోగా ఏ సంగతీ చెప్పండి" అన్నాడు, ఆమె మీద దయతోనే.

షాపులో జనం ఉన్నారు. ఆమె మెట్టు కింద నిలబడింది. ఇంట్లోనూ రోజంతా మాటలు గాల్లో తిరుగుతూనే ఉంటాయి. పాలు పొంగుతున్నాయి. గ్యాసు అయిపోవచ్చింది. పిల్ల ఫీజుకు గడువు దగ్గరపడింది. వాటి మీద ఎవరి పేరూ లేకపోయినా, ఆమె పేరు ఉన్నట్టే అందరూ పక్కనుంచి దాటిపోతారు. దాటిపోయినందుకు ఎవరికీ తప్పు పడదు. ఆ పేరు రాసిందెవరని ఆలోచిస్తే కోపం రాలేదు, దిగులే వచ్చింది. సగం తన చేత్తోనే రాసుకుంది. ఆరేళ్ల కిందట కూడా ఆ ఊరికే పిలిచారు. అప్పుడు అత్తగారి కళ్లు బాగానే ఉన్నాయి, పిల్ల బడికెళ్లే వయసే. "ఇంట్లో ఒప్పుకోరండీ" అనేసింది, నవ్వుతూ. ఇంటికొచ్చి ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. వద్దన్నవాళ్లు లేరు, ఆమె అడిగితే గదా. ఆ తర్వాత చాలా రోజులు ముభావంగా ఉంది. ఏమైందని భర్త ఒకసారి అడిగాడు కూడా. తలనొప్పంది.

మందు తీసుకుని బయటికొచ్చాక, వీధి దీపం కింద ఆగి మేనేజరుకు ఫోన్ చేసింది. రెండు మాటల్లో అయిపోయింది. ఇంత చిన్న పనా అనుకుంది.

భోజనాల దగ్గర భర్త కూర బాగుందన్నాడు. రాజీకి వచ్చినప్పుడల్లా అతను కూర బాగుందంటాడు. అత్తగారు కంచం తడుముకుంటుంటే కూతురు దగ్గరకు జరిపింది.

"సోమవారం ఊరెళ్తున్నాను" అంది ఆమె, మంచినీళ్లు పోస్తూ. "ఆరు వారాలు. ఆఫీసు పని."

"ఆరు వారాలా?" భర్త చెయ్యి ఆగింది. "మరి ఇక్కడ ఏదెలాగో? అన్నీ కాగితం మీద రాసిపెట్టి వెళ్తావా?"

"రాసిచ్చినా వీడు చదవడులే అమ్మాయ్" అంది అత్తగారు.

కూతురు నవ్వబోయి, అమ్మ మొహం చూసి ఆగింది.

"అది కాదే, ముందో మాట అడగాలి కదా" అన్నాడు భర్త మెల్లగా. "ఇంట్లో ఇంతమందిమి ఉన్నాం."

ఆమె చెంబు కింద పెట్టింది.

"ఆరేళ్ల కిందట కూడా పిలిచారు. మిమ్మల్నెవర్నీ అడక్కుండానే రానని చెప్పేశాను" అంది. "ఇప్పుడూ అడగలేదు. వస్తానని చెప్పాను."