చెయ్యెత్తున కట్టిన కేబులు

గిలకలదిండి హార్బరులో ఖాళీ తాడు ఒక్క పూట కూడా ఖాళీగా ఉండదు. కట్టినవాడు వెనక్కి తిరిగేలోపు దాని మీద చేపైనా ఆరుతుంది, చీరైనా ఆరుతుంది. అక్కడే పుట్టి పెరిగిన శ్రీదుర్గ ఈ సంగతి మరిచిపోయిందంటే కొంత తప్పు చదువుది కూడా. బందరులో చేరిన నెట్‌వర్కింగ్ కోర్సులో కేబులు లాగడం బాగానే నేర్పారు గానీ, క్లాసుగదిలో చేపలు ఆరేసేవాళ్ళెవరూ లేరు మరి.

కోర్సు చివర ఆమెకిచ్చిన పని చిన్నదే. వేలం షెడ్డులో కాటా దగ్గరున్న కంప్యూటరుకి, ఎదురుగా ఉన్న ఆఫీసు నుంచి కేబులు లాగి ఇంటర్నెట్ ఇవ్వాలి; కాటా మీద బరువు ఆఫీసులో కనిపించాలి. కోర్సు అయిన పిల్లల్ని ఉద్యోగాల్లోకి తీసుకునే కంపెనీ తరఫున సూపర్‌వైజరు కిరణ్ కుమార్ వచ్చి చూస్తాడు. ఆయన సంగతి ముందే తేల్చేశాడు. నిచ్చెనలూ స్తంభాలూ మగపిల్లలకి, ఫోనెత్తి సమాధానం చెప్పే కుర్చీ ఆడపిల్లలకి. ఆ కుర్చీ పేరెత్తితేనే శ్రీదుర్గకి ఒళ్ళు మండుతుంది.

హార్బరులో చేపలమ్మే తల్లి కనకరత్నానికి మాత్రం ఆ కుర్చీయే ముద్దు. "నీడపట్టున కూర్చునే బతుకుని కాలదన్నుకుంటావేంటే? నలుగురు మగాళ్ళ ముందు నిచ్చెనెక్కుతావా?" అని రోజూ సాధిస్తూనే ఉంది.

శ్రీదుర్గ కేబులు కట్టిన మర్నాడే కిరణ్ కుమార్ వచ్చాడు. కంప్యూటరులో ఇంటర్నెట్ లేదు. బయటికొచ్చి చూస్తే కేబులు తెగి నేల మీద పడి ఉంది. దాంతోపాటు ఉప్పు పట్టించిన చేపలు, వాటి చుట్టూ కాకులు.

"ఎవరేశారివి?" అని శ్రీదుర్గ అరిచింది.

కనకరత్నం గంప దించింది. "నేనే వేశాను. తాడు ఊరికే ఉంది కదా అని! నువ్వు కట్టిందని నాకేం తెలుసే?" అంది. కూతురి మొహం చూసి గబగబా కాకుల్ని తోలసాగింది.

కిరణ్ కుమార్ నవ్వాడు. ఆ నవ్వులో జాలి ఉంది. వెక్కిరించినా అంత మండేది కాదు.

"పోన్లే అమ్మాయ్. తప్పు ఈ ఆడవాళ్ళదని ఆఫీసులో నేను చెబుతాను. సోమవారం వచ్చి ఫోన్ల దగ్గర చేరిపో. హాయిగా ఏసీ."

సరేనండీ అంటే చాలు, ఉద్యోగం చేతిలో పడుతుంది. శ్రీదుర్గకి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే గెలిచింది.

"తప్పు వాళ్ళది కాదండీ, నాది. ఇక్కడ చెయ్యెత్తున తాడు కడితే ఏమవుతుందో తెలిసి కూడా కట్టాను. ఎవరికీ అందనంత ఎత్తులో మళ్ళీ కడతాను. చూసి వెళ్ళండి."

"మా కుర్రాళ్ళని పంపిస్తాలే. నువ్వు పడితే ఎవరిది బాధ్యత? ఇప్పుడు నిచ్చెనెక్కావంటే ఆ ఫోన్ల ఉద్యోగం కూడా ఉండదు, చెబుతున్నాను."

"ఉంచుకోండి," అని శ్రీదుర్గ చున్నీ నడుముకి బిగించింది.

ఐసు ఫ్యాక్టరీ నుంచి నిచ్చెన ఈడ్చుకొచ్చి షెడ్డుకి ఆనించి ఎక్కడం మొదలుపెట్టింది. జనం పోగయ్యారు. ఎవడో ఈలేశాడు. కనకరత్నం విసవిసా నడిచి వస్తుంటే, ఇక జుట్టు పట్టుకుని దించేస్తుందనే అనుకుంది శ్రీదుర్గ. కానీ కనకరత్నం రెండు చేతులా నిచ్చెన పట్టుకుని గుంపు వైపు తిరిగింది.

"ఎవడ్రా ఈలేసింది? అంత సరదాగా ఉంటే వచ్చి నిచ్చెన పట్టుకో!"

వేలంలో బేరగాళ్ళని హడలెత్తించే గొంతు అది. మళ్ళీ ఈల వినపడలేదు.

పైన శ్రీదుర్గ ఒక చేత్తో నిచ్చెనని గట్టిగా పట్టుకుంది. భయం లేదని బుకాయించే మనిషి కాదు. భయపడుతూనే కొత్త కేబులుని షెడ్డు దూలానికి బిగించింది, దిగి అవతల ఆఫీసు గోడకీ నిచ్చెన వేసుకుని ఎక్కింది. కిందికొచ్చి కేబులు చివర్లలో ఎనిమిది రంగుల తీగల్నీ వరసలో పేర్చి ప్లగ్గులు బిగించింది. కాసేపటికి కాటా మీద పెట్టిన గంప బరువు ఎదురాఫీసు తెర మీద కనిపించింది.

కిరణ్ కుమార్ తెర చూశాడు, బయటికెళ్ళి పైకి చూశాడు.

"పని బాగానే ఉంది. కానీ మా ఫీల్డు టీములో ఇంతవరకూ ఆడపిల్ల లేదమ్మా."

"సోమవారం నుంచి ఉందని చెప్పండి," అంది శ్రీదుర్గ, చేతులు దులుపుకుంటూ. "నిచ్చెన మీరిస్తారా, నన్నే తెచ్చుకోమంటారా?"