షెడ్డు కడిగే మందు

దిబ్బూరహళ్ళిలో పట్టుపురుగులు పెంచే ఏ ఇంటికైనా వెళ్ళి చూడండి. షెడ్డు గడప దగ్గర సున్నం చల్లి ఉంటుంది. కాళ్ళు కడుక్కోనిదే ఎవరినీ లోపలికి రానివ్వరు. అత్తరు పూసుకొచ్చిన అల్లుణ్ణయినా సరే, ఆ వాసన పురుగులకు పడదని వాకిట్లోనే నిలబెడతారు. ఒక్క పురుగు ఒళ్ళు పాలిపోయి ఉబ్బితే చాలు, ఏరి సున్నం నీళ్ళలో పడేస్తారు. అందులో తప్పేమీ లేదు, ఒక్క పురుగు రోగం పంటనంతా తుడిచిపెట్టగలదు. ఆ అలవాటును షెడ్డు దాటించి ఇంట్లోకి తెచ్చుకోవడమే తప్పు. పిళ్ళప్ప చేసింది అదే.

పిళ్ళప్ప చెడ్డవాడు కాడు. తొమ్మిదేళ్ళ కూతురు రక్షిత తోటలో దొరికిన కుక్కపిల్లను ఎత్తుకొస్తే కాదనలేదు. నల్లగా ఉందని ఆ పిల్ల దానికి కరియ అని పేరు పెట్టుకుంది. మూడు నెలలు నిండేసరికి కరియ కళ్ళ చుట్టూ వెంట్రుకలు రాలి, రూపాయి బిళ్ళంత బోడి మచ్చలు పడ్డాయి. తర్వాత ముందు కాళ్ళ మీదా పడ్డాయి. అది మాత్రం తింటూనే ఉంది, ఆడుతూనే ఉంది.

అప్పుడు షెడ్డులో పురుగులు నాలుగో జ్వరంలో ఉన్నాయి. పొర విడిచే ముందు పురుగు మేత మాని కదలకుండా పడుకోవడాన్ని అక్కడ జ్వరమంటారు. అది దాటితే ఇంకో వారం పది రోజుల్లో గూళ్ళు కడతాయి. అలాంటి సమయంలో ఇంట్లో ఏ రోగం కనబడినా రైతు గుండెలో రాయి పడుతుంది.

"దీనికి పట్టిండే రోగం పురుగులకు అంటుకుంటే మన గతేంది?" అన్నాడు భార్య శశికళతో.

"సోమవారం పశువుల ఆస్పత్రికి డాక్టరమ్మ వస్తాది. చూపిస్తాం" అందామె.

"కుక్కపిల్లకు డాక్టరా! ఊరంతా నవ్వుతారు. షెడ్డులో రోగాన్ని చంపే మందు దీని రోగాన్ని చంపదా?"

బ్లీచింగు పొడి, సున్నం కలిపి గోడలూ నేలా కడిగే మందు అది. రోగం ముదిరిందని ఇంకాస్త చిక్కగా కలిపాడు. కుక్కపిల్ల గింజుకుంది.

"కాళ్ళు పట్టుకోమ్మా" అన్నాడు కూతురితో.

రక్షిత పట్టుకుంది. "ఓర్చుకో కరియా, బాగైపోతాది" అని దాని చెవిలో చెబుతూనే పట్టుకుంది. తండ్రి గోనెపట్టతో రుద్దాడు. మరునాడూ రుద్దాడు. మూడో రోజు రక్షిత పిలిస్తే కరియ రాలేదు, గడ్డివామి సందులో దూరి నక్కింది. పిళ్ళప్ప దాన్ని బయటికి లాగి మళ్ళీ రుద్దాడు.

ఒళ్ళంతా పొక్కిపోయింది. మంటకు ఓర్వలేక నాక్కుంది. నాక్కున్న మందు నోటినీ గొంతునూ కాల్చింది. సోమవారం శశికళ పట్టుబట్టి భర్తను వెంటబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి అది నీళ్ళు కూడా మింగలేకపోతోంది. డాక్టర్ వినుత చేయగలిగినదంతా చేసింది. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది.

"ఏం పూసినారప్పా దీనికి?" అని పొద్దున దాన్ని చూడగానే అడిగింది డాక్టరు. పిళ్ళప్ప తలవంచుకుని చెప్పాడు. ప్రాణం పోయాక ఆమె అంది:

"దీనికి ఉండింది ఒక రకం గజ్జి. చిన్న కుక్కపిల్లలకు వస్తాది. మనుషులకు అంటదు, పట్టుపురుగులకు అంతకన్నా అంటదు. ఇంత కొంచెంగా ఉంటే చానా వాటికి దానంతట అదే తగ్గిపోతాది. తగ్గకుంటే మాత్రలుండాయి. పురుగు ఒకటి మేత మానితే ఫోటో తీసి పట్టు ఆఫీసుకు పంపిస్తారే, దీన్ని ఇక్కడికి తెచ్చేదానికి సిగ్గేసిందా?"

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊళ్ళో నలుగురూ అన్నారు. ఆ నలుగురిలో ఇద్దరు తమ కుక్కల గజ్జికి ట్రాక్టరులో తీసేసిన పాత ఆయిలు పూసినవాళ్ళే!

పంట బాగానే వచ్చింది. గూళ్ళు శిడ్లఘట్ట మార్కెట్టుకు చేరాయి. నెల గడిచింది. రక్షిత ఈమధ్య తల తనే దువ్వుకుంటానంటోంది. పెద్దదవుతోంది కదా అనుకుంది తల్లి. ఒక ఆదివారం బలవంతంగా కూర్చోబెట్టి జడ విప్పితే చెవి వెనక అరచేయంత మేర వెంట్రుకలు లేవు. పుండు పడి చీము కారుతోంది.

"ఎన్నాళ్ళనుంచి ఉండాదే ఇది? నాకెందుకు చెప్పలేదే?" అని శశికళ కేక పెట్టింది.

ఆ కేకకు పిళ్ళప్ప పరిగెత్తుకొచ్చాడు. కొత్త పంటకని షెడ్డు కడుగుతున్నాడేమో, చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి. ఆ చేతుల్ని చూసి రక్షిత గోడకు కరుచుకుపోయింది.

"వద్దు నాయినా! నేను షెడ్డు తట్టుకు రాను. ఎవరినీ ముట్టుకోను. నాకా మందు రుద్దొద్దు నాయినా!"

పిళ్ళప్ప ఆ చేతుల్ని వెనక్కి దాచుకున్నాడు.

అది తామర. బడి పిల్లలకు సాధారణంగా వచ్చేదేనని చర్మవైద్యుడు చెప్పాడు. మొదట్లోనే తెచ్చి ఉంటే మాత్రలతో పోయేదట. ఇంత ముదిరాక పుండు మానుతుంది గానీ, ఆ చోట మళ్ళీ వెంట్రుకలు మొలుస్తాయని మాటివ్వలేనన్నాడు.

అయ్యలారా, అమ్మలారా! తెలియని మందు ఏ ప్రాణికీ పూయకండి, తెలిసినవాళ్ళను అడగడానికి సిగ్గుపడకండి. నోరులేని ప్రాణికి రోగమొస్తే మనం ఏం చేస్తామో పిల్లలు చూస్తూనే ఉంటారు. తమకు రోగమొచ్చిన రోజున మనకు చెప్పాలా దాచాలా అన్నది వాళ్ళు అప్పుడే తేల్చుకుంటారు.